ఆరు అన్నమయ్య కీర్తనలు: గాత్రం, వయొలిన్ ఇంట్లో, మృదంగం, మిక్సింగ్ స్టూడియోలో

మీరు అడిగింది ఇది: తిరుపతి భవాని నగర్‌లో రెండో అంతస్తు ఇల్లు. పదడుగుల చదరపు గది, పైకప్పు కూడా పదడుగులే. 64 ఏళ్ళ మీ నాన్నగారు ఒకటి శ్రుతిలో పాడతారు. పక్కన వయొలిన్, మృదంగం. ఆరు కీర్తనలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలి. మైకూ అవీ కొని ఇంట్లోనే చేసుకోవాలా, లేక చెన్నై వెళ్ళి స్టూడియోలో రెండు రోజుల్లో ముగించుకు రావాలా?

రెండూ కావాలి. కాకపోతే ఏది ఎక్కడన్నది ముందే తేల్చుకోవాలి. గాత్రం ఇంట్లో. మృదంగం స్టూడియోలో. వయొలిన్ మళ్ళీ ఇంట్లో, అన్నిటికన్నా ఆఖర్న. మిక్సింగ్ స్టూడియోలో. ఈ పంపకం ఎందుకో చెబుతాను.

గాత్రానికి కావలసింది తీరిక. స్టూడియోలో గంటల లెక్కన డబ్బు కడుతుంటే పెద్దవాళ్ళ గొంతు మూడో కీర్తనకే బిగుసుకుంటుంది, తారస్థాయిలో తేలిపోతుంది. ఇంట్లో అయితే రోజుకి ఒక్క కీర్తన, గొంతు పలికిన పూట పాడుకోవచ్చు. ఆ సౌకర్యాన్ని ఏ స్టూడియో ఇవ్వలేదు. మృదంగం సంగతి వేరు. దానికి కనీసం రెండు మైకులు, పెద్ద గది, పడుతున్న శబ్దాన్ని అక్కడికక్కడే విని మైకు జరపగల మనిషి కావాలి. తొప్పి (మృదంగం ఎడమ ముఖం) మీద పలికే గుమ్మనే గుంకీ అడుగు స్థాయి శబ్దం, పదడుగుల గదిలో అది తిరిగి తిరిగి మోగుతుంది. ఒకసారి అలా రికార్డయితే మిక్సింగ్‌లో దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు.

ముందు గది గురించి. మీ డబ్బులో మొదటి వాటా దీనికే పెట్టండి. గది బాగా లేకపోతే ఎంత ఖరీదైన మైకైనా బూడిదలో పోసిన పన్నీరే.

శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళుతుంది. పదడుగులంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య శబ్దం నిలబడిపోయి మోగే స్థాయిలు 56, 112, 168 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు). మీ గదికి పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కాబట్టి మూడు దిక్కుల్లోనూ అవే అంకెలు పడి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఇళ్ళలో ఉండే గదుల్లో రికార్డింగ్‌కి ఇంతకన్నా చెడ్డ కొలత లేదు. ఒకటి శ్రుతికి షడ్జం దాదాపు 131 హెర్ట్జ్. అంటే మంద్రస్థాయి చతుశ్శ్రుతి ధైవతం 109, 110 దగ్గర, కైశికి నిషాదం 117 దగ్గర పడతాయి. నాన్నగారు షడ్జం నుంచి కిందికి దిగుతూ ధైవతం తాకగానే ఆ ఒక్క స్వరం మాత్రం కుండలో పాడినట్టు ఉబ్బుతుంది. పంచమానికి వచ్చేసరికి మామూలుగా ఉంటుంది. వినేవాళ్ళు గొంతే అలా ఉందనుకుంటారు, తప్పు గదిది.

ఇంట్లో 10 బై 12 లేదా 10 బై 14 గది ఇంకోటి ఉంటే, అది మంచం, బట్టల బీరువా ఉన్న పడక గదే అయినా సరే, అక్కడికి మారండి. కుదరకపోతే ఈ గదిలోనే మైకు స్థానం మార్చాలి. సరిగ్గా నట్టనడుమ కూర్చోవద్దు, 112 హెర్ట్జ్ అక్కడే బలంగా ఉంటుంది. ఒక గోడకి మూడడుగులు, పక్క గోడకి మూడున్నర అడుగుల దూరంలో మైకు ఉంచండి. కింద కూర్చుని పాడే మన అలవాటు ఇక్కడ కలిసొస్తుంది. కూర్చున్న మనిషి నోరు నేల నుంచి సుమారు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. అది గది ఎత్తులో నాలుగో వంతు, నిలువు దిక్కున 112 అక్కడ బాగా పలచబడుతుంది.

ఇక గోడలకి కట్టేవి. కోడిగుడ్ల అట్టలు పనికిరావు. ఆన్‌లైన్‌లో దొరికే అంగుళం మందం నల్ల స్పాంజి ముక్కలు పై స్థాయి శబ్దాన్ని తింటాయి, కింది స్థాయిని వదిలేస్తాయి. గది పొడిబారి గొంతు మూసుకుపోయినట్టు ఉంటుంది, గుమ్మనే మోత అలాగే మిగులుతుంది. మీకు కావలసింది మందం. రాక్‌వూల్ పలకలు, ఘనపు మీటరుకి 48 కిలోల రకం, రెండు అంగుళాలవి రెండేసి కలిపి నాలుగంగుళాలు చేయండి. వడ్రంగి చేత 2 బై 4 అడుగుల చెక్క చట్రాలు ఆరు కట్టించి, ఊపిరి ఊదితే గాలి అవతలికి పోయే నూలుగుడ్డ బిగించండి. రెక్సిన్ వేయకండి. గోడకి ఆనించకుండా రెండు మూడు అంగుళాలు ఎడం ఇవ్వండి, దాంతో ఇంకా కింది స్థాయి శబ్దాన్ని కూడా పట్టుకుంటాయి. పలకలు కోసేటప్పుడు చేతికి తొడుగు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఆ పీచు బాగా దురద పెడుతుంది.

ఆ ఆరింటిని ఎక్కడ పెట్టాలన్నదే చాలామంది తప్పు చేసే చోటు. మైకు వెనక గోడకి పెడతారు. మనం వాడే కార్డియాయిడ్ మైకుకి, అంటే ముందు శబ్దాన్నే పట్టే రకానికి, వెనక చెవి లేదు. దాని ముఖం పాడే మనిషి వైపు ఉంటుంది, మనిషి వెనక గోడ నుంచి వచ్చేదే దానికి సూటిగా తగులుతుంది. కాబట్టి మూడు చట్రాలు నాన్నగారి వీపు వెనక, చెరో పక్క ఒకటి, మిగిలింది మూలకి అడ్డంగా. ఇంట్లో పాత పత్తి పరుపులు ఉంటే తక్కిన మూలల్లో నిలబెట్టండి, పత్తి పరుపుకి ఈ పని బాగా వస్తుంది. టైల్స్ నేల మీద జంపఖానా, దాని మీద బొంత. తల పైన స్లాబు నుంచి వచ్చే ప్రతిధ్వనికి, గోడ నుంచి గోడకి రెండు తాళ్ళు కట్టి మందపాటి బొంతని పందిరిలా వేయండి.

ఇవన్నీ గదిలో మోతని తగ్గిస్తాయి. బయటి చప్పుడుని ఆపవు, ఆ రెండూ వేరు వేరు పనులు. బయటి చప్పుడుకి కావలసింది బరువు, సందులు లేకపోవడం. అల్యూమినియం జారుడు కిటికీలే పెద్ద కంత. కిటికీ కొలతకి ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక కోయించి, అంచులకి రబ్బరు పట్టీ అంటించి బిగించండి. తలుపు కింద సందులో తడి తువ్వాలు చుట్టి కుక్కండి. మిగతాది వేళ చూసుకోవడమే. రాత్రి పదకొండు తర్వాత బాగుంటుంది. ధనుర్మాసంలో, అంటే డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, వీధి గుళ్ళ మైకులు తెల్లవారకముందే మొదలవుతాయి కనుక తెల్లవారుజాము మీద ఆశ పెట్టుకోకండి.

ఫ్యాను, ఏసీ ఆపాల్సిందే. ఫ్రిజ్ పక్క గదిలో ఉన్నా గోడ ద్వారా వినపడుతుంది. మే నెలలో మూసిన గదిలో పెద్దాయన్ని అలా కూర్చోబెట్టవద్దు. నవంబరు వానలు తగ్గాక ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పుడైనా ఇరవై నిమిషాలు పాడి, పది నిమిషాలు తలుపు తీసి ఫ్యాను వేసుకోండి.

గది సరిపోయిందో లేదో కొలిచి తెలుసుకోండి. గాత్రం గట్టిగా పాడినప్పుడు మీటరు మైనస్ 10 డెసిబెల్స్‌కి తగిలేలా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) పెట్టి, దాన్ని ముట్టుకోకుండా ఒక నిమిషం మౌనం రికార్డు చేయండి. మైనస్ 60 కంటే కిందే ఉంటే పర్వాలేదు. మైనస్ 45, 50 దగ్గర ఆడుతుంటే ఇంకా ఏదో మోగుతోంది. సన్నటి గుయ్ మనే నాదమైతే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, చాలాసార్లు అక్కడితో పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు కూడా అలాంటి గోల వస్తుంది. ఆ సమయంలో రికార్డింగ్ వద్దు.

మైకు, ఇంటర్‌ఫేస్‌ల దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఇంటర్‌ఫేస్ అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె. రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 లాంటిది. కండెన్సర్ మైకు ఆడియో-టెక్నికా ఏటీ2020 అయినా చాలు. రోడ్ ఎన్‌టీ1 కొనగలిగితే దాని సొంత రొద చాలా తక్కువ, 4.5 డెసిబెల్సే, ఏటీ2020ది 20. మెల్లగా పాడే మంద్రస్థాయిలో ఈ తేడా తెలుస్తుంది. రెండింటికీ ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకుకి కరెంటు ఇచ్చే మీట) నొక్కాలి. చెవులు పూర్తిగా కప్పే, వెనక మూసి ఉన్న హెడ్‌ఫోన్ తీసుకోండి, తెరిచి ఉన్నదైతే తంబుర మైకులోకి కారుతుంది. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌కి రీపర్ సరిపోతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క) 128. తన గొంతు తనకి ఆలస్యంగా వినపడుతోందని నాన్నగారంటే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ వేయండి.

మైకు నోటికి ఎనిమిది నుంచి పదంగుళాల దూరం, మధ్యలో గాలి దెబ్బని ఆపే పాప్ ఫిల్టర్. నాలుగంగుళాల లోపలికి వస్తే గొంతు అడుగు లావెక్కుతుంది, మీ గదిలో అసలే అక్కడ బరువుంది. మన భాషలో ఒత్తక్షరాలు ఎక్కువ. భ, ఫ, ధ పలికినప్పుడు గాలి దెబ్బ నేరుగా మైకుకి తగులుతుంది, శ, ష, స ఈల వేస్తాయి. మైకుని నోటికి ఎదురుగా కాకుండా ముక్కు ఎత్తున పెట్టి, 15, 20 డిగ్రీలు పక్కకి తిప్పండి. గాలి కిందనుంచి పోతుంది, స్వరం మైకుకి అందుతుంది. గెయిన్ పల్లవి పాడించి కాదు, చరణంలో తారస్థాయి తాకే చోటు పాడించి పెట్టాలి. పల్లవితో పెడితే అక్కడికెళ్ళేసరికి ఎర్రదీపం వెలుగుతుంది.

ఇంకొకటి, చెప్పేదాకా ఎవరికీ తోచదు. తాళం. తొడ మీద వేసే ఆది తాళం దెబ్బ మైకుకి స్పష్టంగా వినిపిస్తుంది. పాటలో అది లయకి కొంచెం ముందో వెనకో పడుతూ ఉంటుంది కాబట్టి తర్వాత మృదంగంతో కలిపితే రెండు దెబ్బలుగా వినపడుతుంది. తొడ మీద నాలుగు మడతల తువ్వాలు వేసి, వేళ్ళ చివళ్ళతో తాళం వేయమనండి. మైకు స్టాండు కాళ్ళ కింద కూడా దుప్పటి మడత పెట్టండి, నేల అదురు గొట్టం గుండా పైకి పాకుతుంది. సాహిత్యం కాగితాలు చేతిలో వద్దు, ఎదురుగా స్టాండుకి అతికించండి.

ఇప్పుడు వరస. మొదటి పని తంబుర. ఏదో ఒక యాప్‌లోనో పెట్టెలోనో ఒకటి శ్రుతి పెట్టి పది నిమిషాలు లైన్ ద్వారా రికార్డు చేసి, ఆ ఒక్క ఫైలునే ఇంట్లో, స్టూడియోలో, వయొలిన్‌కి, మృదంగానికి అన్నిటికీ వాడండి. నిజానికి ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో ఒక యాప్, స్టూడియోలో వాళ్ళ పెట్టె వాడితే శ్రుతి వెంట్రుక వాసి తేడా వస్తుంది. విడివిడిగా వింటే తెలియదు, కలిపితే వయొలిన్ అపశ్రుతిలో ఉన్నట్టు తోస్తుంది. అప్పుడు మళ్ళీ వాయించడం తప్ప దారి లేదు.

రెండోది, ప్రతి కీర్తనకీ ఒక కాగితం. పల్లవి ఎన్ని సంగతులు, ఏ సంగతి ఎన్నిసార్లు, చరణం నుంచి పల్లవికి ఎక్కడ తిరగాలి, చరణం ఎన్నిసార్లు, ముగింపు ఎలా. మృదంగం ఒక రోజు, ఆఖరి గాత్రం వేరే రోజు కాబట్టి ఈ లెక్క తప్పితే అంతా తప్పుతుంది.

మూడోది స్టూడియో రోజు. అక్కడ నాన్నగారు గాజు తలుపు వెనక వేరే గదిలో కూర్చుని ట్రాక్ పాడాలి. అది తర్వాత తీసేసే గాత్రం, గొంతు పూర్తిగా ఒత్తనక్కర్లేదు, కాలప్రమాణం మాత్రం అసలైనదే ఉండాలి. ఒకే గదిలో కూర్చుంటే మృదంగం మైకుల్లోకి ఆ గాత్రం పడిపోయి, తర్వాత కొత్త గాత్రం వెనక దయ్యంలా వినిపిస్తుంది. మృదంగం వాయించేవారికి నాన్నగారి చేయి కనపడాలి. కాబట్టి స్టూడియో మాట్లాడుకునే ముందే వెళ్ళి గాజు కిటికీ ఉందా, కింద కూర్చున్నా అందులోంచి కనపడుతుందా అని చూడండి. కొన్నిచోట్ల కిటికీ నిలబడి పాడేవాళ్ళ ఎత్తుకి ఉంటుంది. అలాంటప్పుడు ఇద్దరినీ బల్ల మీద కూర్చోబెట్టాలి. మెట్రోనోమ్ క్లిక్ పెట్టమని స్టూడియోవాళ్ళు అడగవచ్చు. కీర్తనకి వద్దనండి. చరణంలో నడక రవ్వంత కదలడం సహజం, క్లిక్ దాన్ని చంపేస్తుంది.

ఒకటి శ్రుతికి తగ్గు శ్రుతి మృదంగం తీసుకెళ్ళమనండి. తిరుపతి నుంచి చెన్నై దాదాపు 140 కిలోమీటర్లు, దారిలో ఎండ, లోపల ఏసీ. చర్మం ఆరితే శ్రుతి పైకెళుతుంది, తేమ పట్టితే దిగుతుంది. చేరగానే సంచి తీసి, రికార్డింగ్ జరిగే గదిలో, అదే ఏసీలో ముప్పావు గంట వదిలేసి ఆ తర్వాతే రాయీ పుల్లా పట్టి శ్రుతి చేయాలి. తొప్పికి రవ్వ ముద్ద కూడా అప్పుడే. ఏసీలో ముద్ద త్వరగా ఆరుతుంది కనుక రెండు కీర్తనలకొకసారి తడి చూసుకోమనండి. లేకపోతే మొదటి కీర్తనలో గుంకీ నిండుగా, మూడో దాంట్లో డొల్లగా ఉంటుంది. మైకులు రెండు పక్కలా ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల దూరంలో పెడతారు. రెండూ ఎదురెదురుగా చూస్తుంటాయి కాబట్టి ఒకదాని పోలారిటీ తిప్పి (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి) వినిపించమని అడగండి, ఏ స్థితిలో తొప్పి నిండుగా ఉంటే అదే ఉంచాలి. అమరికకి ఒక గంట, కీర్తనకి నలభై యాభై నిమిషాలు వేసుకుంటే ఆరూ ఒక్క రోజులో అవుతాయి. ఒకే తాళంలో ఉన్నవి వరసగా పెట్టుకోండి.

వచ్చేటప్పుడు ప్రతి ట్రాకూ సున్నా నుంచి మొదలయ్యే విడివిడి వేవ్ ఫైళ్ళుగా, 24 బిట్ 48లోనే, మీ హార్డ్‌డిస్కులోకి తెచ్చుకోండి. ఎంపీ3 తీసుకోకండి. ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.64 ఎంబీ, నాలుగు ట్రాకుల ఆరు నిమిషాల కీర్తన రెండొందల ఎంబీ పైచిలుకు. అక్కడే ఇంకో డిస్కులోకి రెండో కాపీ వేసుకుని బయల్దేరండి.

ఇంటికొచ్చాక మృదంగం, తంబుర వింటూ నాన్నగారు అసలు గాత్రం పాడాలి. ప్రతి కీర్తనా మొదటి నుంచి చివరిదాకా మూడు టేకులు. తప్పు వచ్చిన చోట మాట మధ్యలో కాకుండా ఆవర్తనం మొదలు నుంచి, ముందు ఊపిరితో సహా మళ్ళీ పాడించండి. అతుకు హల్లు మీద పడాలి, గమకం మధ్యలో పడితే ఎంత చేసినా దొరికిపోతుంది. ఉదయం పాడిన ముక్కని రాత్రి పాడిన దానికి అతకవద్దు, గొంతు రంగు మారి ఉంటుంది. నెరవు, కల్పనస్వరం, ఆలాపన ఉంటే మాత్రం ఈ పద్ధతి చెల్లదు. అవి ఒకరినొకరు విని అప్పటికప్పుడు పుట్టేవి కనుక స్టూడియోలోనే అందరూ కలిసి పాడి, ఆ గాత్రాన్నే ఉంచుకోవాలి.

వయొలిన్ ఆఖర్న ఎందుకంటే, అది గాత్రానికి నీడ. ట్రాక్ గాత్రానికి వాయిస్తే, అసలు గాత్రంలో గమకం కొంచెం మారినా నీడ పక్కకి జరుగుతుంది. అదే గది, అదే మైకు, వాయిద్యానికి అడుగున్నర నుంచి రెండడుగుల పైన, శబ్దం వచ్చే రంధ్రాల వైపు చూస్తూ. మరీ దగ్గర పెడితే కమాను గీత గరగర వస్తుంది.

మిక్సింగ్ మళ్ళీ స్టూడియోలో అంటున్నది అక్కడి స్పీకర్ల కోసం, గది కోసం. హెడ్‌ఫోన్‌లో తొప్పి బలాన్ని ఎవరూ సరిగ్గా అంచనా వేయలేరు. కూర్చోకముందే ఒక మాట గట్టిగా చెప్పండి: పిచ్ కరెక్షన్ వేయవద్దని. సినిమా పాటల అలవాటులో అది వేసేస్తారు. తోడి రాగంలో గాంధారం ఒక గీత మీద నిలబడే స్వరం కాదు, ఊగడమే దాని ప్రాణం. ఆ సాఫ్ట్‌వేర్ దాన్ని దగ్గరి మెట్టుకి నొక్కేస్తే తోడి తోడిగా ఉండదు. రెవర్బ్ (గది మోతలా తర్వాత కలిపేది) రెండు సెకన్ల లోపు చాలు. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తమ్మీద ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) కన్నా గట్టిగా ఉన్నదాన్ని తగ్గించేస్తుంది కాబట్టి కంప్రెసర్‌తో పిండి అంతకన్నా పెంచడంలో లాభం లేదు. మైనస్ 16 దగ్గర వదిలినా కీర్తనకి అందమే. శబ్దం శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు.

ఇక పాటల వరసల (బాణీల) హక్కులు. అన్నమయ్య (1408–1503) సాహిత్యం అందరిదీ. రాగిరేకుల మీద రాగం పేర్లున్నాయి గాని స్వరాలు లేవు. మనం పాడే వరసల్లో చాలావాటిని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టారు. మన చట్టంలో సంగీత రచనకి హక్కు రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళ దాకా ఉంటుంది. ఆరింటిలో ఏ వరస ఎవరిదో పాఠం చెప్పిన గురువుగారిని అడిగి రాసుకోండి, హక్కుదారుల అనుమతి తీసుకోండి, వీడియో కింద స్వరకర్త పేరు వేయండి. నాన్నగారు సొంతంగా కట్టుకున్న వరసలు ఒకటి రెండు ఉంటే, వాటితోనే మొదలుపెట్టండి.